పదో తరగతి స్పెషల్ క్లాసులు: చీకటి పడ్డాక పిల్లలు ఇంటికి దేంట్లో రావాలి?

దసరా సెలవులు అయి బడి తెరిచారంటే హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో పదో తరగతి పిల్లలకు స్పెషల్ క్లాసులు మొదలైనట్టే. నాలుగుంబావుకు బెల్లు కొట్టినా వాళ్లు కదలరు. స్లిప్ టెస్టు, స్టడీ అవర్ అయి గేటు దాటేసరికి 5:45, ఒక్కోరోజు 6 దాటుతుంది. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో మన దగ్గర 5:40కే పొద్దు గూకుతుంది. అంటే ఇంటికి చేరే దారంతా చీకట్లోనే.

రోజూ ఎక్కే బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ఇక మిగిలేవి బడి నడిపే రెండో ట్రిప్పు, ప్రైవేటు వ్యాను లేదా ఆటో, ఆర్టీసీ బస్సు, ఇంట్లోవాళ్ల బండి, నలుగురు తల్లిదండ్రులు కలిసి వేసుకునే వంతులు. చాలామంది నెలకు ఎంత పడుతుందో చూసి తేల్చేస్తారు. ముందు చూడాల్సింది డబ్బు కాదు. టీచర్ క్లాసు వదిలినప్పటి నుంచి ఇంట్లో తలుపు తీసేదాకా పిల్ల ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్తుందో, ప్రతి చోటా ఒక మనిషి పేరు చెప్పగలగాలి. పేరు దొరకని చోటే పిల్లలు ఆగమవుతారు.

అందుకే ఏ దారి ఎంచుకున్నా మూడు సంగతులు ముందుగా అడిగి రాసుకోండి. క్లాసు అయ్యాక బండి వచ్చేదాకా పిల్లలు ఎక్కడ, ఎవరి ముందు కూర్చుంటారు? ఏ చోట దింపుతారు, అక్కడి నుంచి ఇల్లు ఎంత దూరం, ఆ దారిలో లైట్లు ఉన్నాయా? క్లాసు ఉన్నట్టుండి రద్దయినా, అరగంట సాగినా ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు? ఈ మూడో ప్రశ్నకు సరైన జవాబు లేని ఏర్పాటు ఎంత చవకైనా వద్దు.

బడి రెండో ట్రిప్పు

పొద్దున పది బస్సులు నడిపే బడి కూడా సాయంత్రం రెండో ట్రిప్పుకు రెండో మూడో బస్సులే పెడుతుంది. ఆగే పిల్లలు తక్కువ కాబట్టి రూట్లు కలిపేస్తారు. నక్కలగుట్ట వైపు బడి ఒకటి అనుకోండి. పగలు నయీంనగర్, భీమారం మీదుగా హసన్‌పర్తికి ఒక బస్సు, పెద్దమ్మగడ్డ మీదుగా ములుగు రోడ్డుకు ఒక బస్సు పోతాయి. సాయంత్రం ఆ రెండూ ఒక్కటవుతాయి. పగలు అరగంటలో ఇల్లు చేరే పిల్ల, రూటు చివర పడితే గంటకు పైగా బస్సులోనే ఉంటుంది. కాబట్టి ‘మా ఏరియాకు బస్సు ఉందా’ అని మాత్రమే అడిగితే సరిపోదు. ఏ వరసలో దింపుతారు, మీ పిల్ల ఎన్నో మనిషి, మామూలుగా ఎన్నింటికి దిగుతుంది అని అడగాలి.

ఇంకో తేడా స్టాపు. పగటి బస్సు కాలనీ లోపలికి వచ్చి గల్లీ మూలన దింపుతుంది. రెండో ట్రిప్పు మెయిన్ రోడ్డు మీదే వదిలేసి వెళ్లడం మామూలే. రోడ్డు నుంచి ఇల్లు అర కిలోమీటరు అయితే రోజూ ఎవరో ఒకరు ఎదురు వెళ్లాలి. ఆ మనిషి ఇంట్లో లేకపోతే ఈ ట్రిప్పు మీకు పనికి రాదు.

అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టాల్సింది ఆయమ్మ గురించి. బడి బస్సులో అర్హత ఉన్న అటెండెంట్ ఉండాలని, డ్రైవర్‌కు భారీ వాహనాలు నడిపిన అనుభవం కనీసం 5 ఏళ్లు ఉండాలని, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలు ఆర్పే సిలిండరు, తలుపులకు గట్టి గడియలు ఉండాలని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. పొద్దున ట్రిప్పులో ఆయమ్మ ఉంటుంది. సాయంత్రం మొదటి ట్రిప్పుతో ఆమె ఇంటికి వెళ్లిపోతుంది, రెండో ట్రిప్పులో డ్రైవర్ ఒక్కడే మిగులుతాడు. చివరి పిల్ల దిగేదాకా ఆయమ్మ బస్సులోనే ఉంటుందా అని ప్రిన్సిపాల్‌ను సూటిగా అడగండి. ఆడపిల్ల అయినా, మగపిల్లాడైనా చివర్లో డ్రైవర్‌తో ఒంటరిగా మిగిలే రూటుకు ఒప్పుకోవద్దు. ఆయమ్మ ఇల్లు రూటు చివరి వైపు ఉండేలా డ్యూటీ వేస్తే ఈ చిక్కు ఖర్చు లేకుండానే తీరుతుంది. చాలా బడులకు ఈ ఆలోచన తట్టక ఊరుకుంటాయి, మీరే చెప్పి చూడండి.

డ్రైవర్ అలసట గురించి ఎవరూ అడగరు. పొద్దున ఆరున్నరకు స్టీరింగు పట్టిన మనిషి రెండో ట్రిప్పు ముగించేసరికి రాత్రి ఏడుంబావు అవుతుంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, విరామాలు కలుపుకుని 12 గంటల వ్యవధి దాటకూడదని చెప్పింది. మధ్యాహ్నం పడుకోవడానికి చోటు ఇస్తున్నారా, రెండో ట్రిప్పు డ్రైవర్లు రోజు మార్చి రోజు మారుతున్నారా అని తెలుసుకోండి. డ్రైవర్ సెలవు పెట్టిన రోజు బదులు ఎవరు వస్తారన్నదీ అంతే ముఖ్యం. 2014 జూలై 24న మాసాయిపేటలో కాపలా లేని రైల్వే క్రాసింగ్ దగ్గర స్కూల్ బస్సును రైలు ఢీకొట్టిన రోజు, ఆ బస్సును నడిపింది రోజూ వచ్చే డ్రైవర్ కాదు. బదులు డ్రైవర్‌కు రూటు, మలుపులు, పిల్లల పేర్లు తెలియవు. ఆ రోజు పక్కన ఆయమ్మ తప్పకుండా ఉండాలి.

ఇక జాబితాల సంగతి. ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది. మంచి బడిలో పని ఇలా సాగుతుంది: మధ్యాహ్నం 2 గంటల లోపు క్లాస్ టీచర్ ఆ రోజు ఆగేవాళ్ల పేర్లు రాసి ట్రాన్స్‌పోర్టు ఇంచార్జికి ఇస్తారు. ఇంచార్జి ఆ పేర్లను మొదటి ట్రిప్పు జాబితాలో కొట్టేసి రెండో ట్రిప్పు కాగితంలో ఎక్కిస్తారు. మొదటి బస్సు కదిలే ముందు ఆయమ్మ తలలు లెక్కపెడుతుంది. లెక్క కుదరకపోతే బస్సు కదలదు. రెండో ట్రిప్పుకూ అదే పద్ధతి. దిగిన ప్రతి పేరు ఎదురుగా టైము రాస్తారు.

ఇది చెడేది రెండు రకాలుగా. ఒకటి, సాయంత్రం సారు రాలేదని క్లాసు రద్దు చేస్తారు. మొదటి బస్సు జాబితాలో పేరు కొట్టేసి ఉంటుంది కాబట్టి సీటు లేదంటారు, లేదా బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. పిల్లలు గేటు బయట మిర్చి బండి దగ్గర నిలబడతారు. రెండు, పిల్లాడు స్నేహితుడితో కలిసి తనది కాని బస్సు ఎక్కుతాడు. ఇంట్లో ఒక స్టాపు దగ్గర ఎదురు చూస్తుంటే వాడు ఇంకో చోట దిగుతాడు. వీటికి మందు రెండు నియమాలు. క్లాసు రద్దయినా రెండో ట్రిప్పు దాని టైముకే కదలాలి, అప్పటిదాకా పిల్లలు పేరు చెప్పిన ఒక టీచర్ దగ్గర లోపలే కూర్చోవాలి. బస్సు మారాలన్నా, వేరే స్టాపులో దిగాలన్నా తల్లిదండ్రుల రాత ఉండాలి. పిల్లాడి నోటి మాట, క్లాస్‌మేట్ ఫోన్ చెల్లవు. వాట్సాప్ మెసేజీ పెట్టేట్టయితే పేరు, తరగతి, తేదీ, పాత స్టాపు, కొత్త స్టాపు ఐదూ రాసి 2 లోపు పంపండి. ‘ఈరోజు బాబు మామయ్య వాళ్లింటికి’ అని 4:10కి పంపితే బస్సులో ఉన్న ఆయమ్మ దాకా అది చేరదు.

చెల్లెలో తమ్ముడో అదే బడిలో చిన్న తరగతిలో ఉంటే ఇంకో చిక్కు. ఇన్నాళ్లూ అక్క చెయ్యి పట్టుకుని దిగిన పిల్ల ఇప్పుడు ఒక్కతే దిగుతుంది. చిన్నదాన్ని అక్కతో పాటు ఆరింటిదాకా ఆపించడం కంటే, 4:45కు స్టాపు దగ్గర ఎవరు నిలబడతారో ముందే తేల్చుకోవడం మేలు. ఆకలి మీద అంతసేపు ఆగిన చిన్నపిల్లలు బస్సులోనే నిద్రపోతారు, స్టాపు దాటిపోతుంది. అందుకే చివరి స్టాపు తర్వాత ఆయమ్మ వెనక సీటు దాకా నడిచి చూడాలి.

చీకటి బస్సుకు కొన్ని పరీక్షలు మీరే చేయవచ్చు. సాయంత్రం ఒకసారి స్టాపు దగ్గర నిలబడి చూడండి: వెనక ఎర్ర లైట్లు రెండూ వెలుగుతున్నాయా, మెరిసే టేపు ఊడిపోయిందా, లోపల లైటు ఉందా. దిగిన పిల్ల రోడ్డు దాటాల్సి ఉంటే ఆయమ్మ కూడా దిగి చెయ్యి పట్టుకుని దాటించాలి. బస్సు ముందు బంపరును ఆనుకుని దాటే పొట్టి పిల్ల డ్రైవర్‌కు కనపడదు. బస్సు వెనక నుంచి ఒక్కసారిగా వస్తే ఓవర్‌టేక్ చేసే బండికి కనపడదు. ఇంటి వైపే ఆపేలా రూటు మారిస్తే ఇంకా మంచిది. ఫిట్‌నెస్ సంగతికొస్తే, స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది, బడి తెరిచేలోపు మళ్లీ చేయించాలి. బస్సు నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు కనపడతాయి. పగలు వచ్చే బస్సు కాకుండా రెండో ట్రిప్పుకు వచ్చే బస్సు నంబరు కొట్టి చూడండి. పాత బండిని సాయంత్రానికి తోసే అలవాటు చాలా చోట్ల ఉంది.

ఇన్ని అడగాల్సి వచ్చినా, ఆయమ్మ చివరిదాకా ఉంటే బడి రెండో ట్రిప్పే మొదటి ఎంపిక. కారణం ఒక్కటే: క్లాసు సాగినా, రద్దయినా ఆ సంగతి బస్సు నడిపేవాళ్లకే ముందు తెలుస్తుంది.

వ్యాను, ఆటో

వ్యాను అన్న ఇంటి గడప ముందు దింపుతాడు. గల్లీలు ఇరుకుగా ఉండే కొత్తవాడ, కరీమాబాద్, శివనగర్ లాంటి చోట్ల అది పెద్ద సుఖం. కానీ ఆయనకు సాయంత్రం వేరే బడి గిరాకీ కూడా ఉంటుంది. ఇక్కడ క్లాసు 20 నిమిషాలు సాగితే అక్కడి పిల్లలు రోడ్డు మీద నిలబడాలి, అక్కడ ఆలస్యమైతే మీ పిల్ల నిలబడాలి. మాట్లాడుకునేటప్పుడే ‘6 తర్వాత ఎంతసేపు ఆగుతావన్నా’ అని తేల్చుకోండి.

నంబరు ప్లేటు చూడండి. కిరాయికి తిరిగే బండికి పసుపు ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు ఓమ్ని, ఈకోల్లో పిల్లలను డబ్బుకు తిప్పితే అది సొంత బండి కిందే ఉంటుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది దీన్నే. తర్వాత గ్యాస్. సీటు కింద ఎల్‌పీజీ కిట్ ఉంటే ఆర్‌సీలో ఇంధనం దగ్గర అది రాసి ఉండాలి. రాసి లేదంటే కిట్‌కు అనుమతి లేనట్టే. లోపల వంట సిలిండరు కనపడితే ఆ రోజే మాన్పించండి. వెనక సీఎన్‌జీ సిలిండరు మీద పిల్లలను కూర్చోబెట్టడం, దాని వాల్వు మీద పుస్తకాల సంచులు కుక్కడం కూడా వద్దు.

మామూలు ఆటోకు పర్మిట్ డ్రైవర్ కాక ముగ్గురికే. పదో తరగతి పిల్లలంటే ఎదిగినవాళ్లు, పక్కన సంచులు. డ్రైవర్ పక్కన కూర్చున్న పిల్లాడి మోకాలు బయటికే ఉంటుంది, చీకట్లో ఎదురుగా వచ్చే లారీకి కనపడదు. ముగ్గురు పిల్లల ఇళ్లు కలిసి ఒక ఆటో మాట్లాడుకుంటే తలా ఖర్చు పెరుగుతుంది కానీ ఆటో అప్పుడు నిజంగా పనికొస్తుంది. ఐదారుగురితో అయితే మేము సిఫారసు చేయం.

ఆర్టీసీ బస్సు

పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట, ఘన్‌పూర్ వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు చాలాసార్లు ఇదొక్కటే దారి. ఆడపిల్లలకు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. కానీ కండక్టర్ దగ్గర జీరో టికెట్ తీసుకోవాలి, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆధార్ కార్డును స్కూల్ సంచిలో అట్టముక్కకు పిన్ను కొట్టి పెడితే మర్చిపోరు. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో ఈ సౌకర్యం లేదు, కాబట్టి సంచిలో కొంత చిల్లర ఉండాలి. మగపిల్లల పాసు దాని మీద రాసిన రూటులోనే చెల్లుతుంది.

చిక్కు టికెట్ దగ్గర కాదు, స్టేజీ దగ్గర. ఎక్స్‌ప్రెస్ మీ ఊరి స్టేజీలో ఆగదు. పల్లెవెలుగు ఆగుతుంది, కానీ చీకటి పడ్డాక వాటి సంఖ్య తగ్గుతుంది. ఆఖరి పల్లెవెలుగు టైము ఎంతో డిపోలో అడిగి, దానికి ముందు బస్సును మీ పిల్లల బస్సుగా ఖాయం చేసుకోండి. ఆఖరి దాని మీదే ఆధారపడితే, అది రాని రోజు పిల్ల హనుమకొండ బస్టాండులో మిగిలిపోతుంది. బడి నుంచి బస్టాండుకు నడకో, ఆటోనో, అందులో చౌరస్తా ట్రాఫిక్, ఇవన్నీ కలిపి 5:45కు గేటు దాటిన పిల్ల 6:30 కంటే ముందు ఊరి బస్సు ఎక్కలేదనే లెక్క వేసుకోండి. బస్సు ఎక్కడుందో గమ్యం యాప్‌లో చూడవచ్చు.

ఒకే ఊరికి వెళ్లేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటేనే ఆర్టీసీ మంచిది. ఒక్కరే అయితే, ఆ ఊరి పిల్లను 4:15కే వదిలి, స్పెషల్ క్లాసును పొద్దున గంట ముందు పెట్టమని హెడ్మాస్టర్‌ను అడగండి. అడిగితే ఒప్పుకునే బడులు ఉన్నాయి.

ఇంటి బండి, వంతులు

బండి మీద తీసుకురావడానికి ఖర్చు తక్కువ. బడి 9 కిలోమీటర్లు అనుకుంటే పోనురాను 18. లీటరుకు 45 ఇచ్చే బండికి 0.4 లీటరు, లీటరు 107 రూపాయల చొప్పున రోజుకు 43, నెలకు 22 రోజులకు 950 లోపే. ఖరీదైనది పెట్రోల్ కాదు, టైము. 6 గంటలకు దుకాణంలో బేరం ఉండే మనిషి, డ్యూటీ దిగే టైము ఖాయంగా లేని మనిషి ఈ పనికి మాట ఇవ్వకూడదు. వారంలో రెండు రోజులు తప్పినా ఆ రెండు రోజులే పిల్ల గేటు దగ్గర నిలబడుతుంది. వెనక కూర్చునే పిల్లకూ హెల్మెట్ కావాలి; చట్టం ప్రకారం 4 ఏళ్లు దాటిన అందరికీ అది తప్పనిసరి. బండి మీద ముగ్గురు వద్దు.

పదో తరగతి పిల్లాడికే స్కూటీ ఇచ్చి పంపడం ఈ సీజన్‌లో ఎక్కువగా కనపడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. మైనర్ నడుపుతూ దొరికితే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద బండి యజమానికి గానీ తల్లిదండ్రులకు గానీ 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. అన్నిటికీ మించి, పగలంతా చదివి కళ్లు లాగుతున్న పిల్లాడు ఎదురు లైట్ల వెలుగులో గుంత చూడలేడు.

వంతులు వేసుకునే పద్ధతి కారున్న కుటుంబాలకు బాగా కుదురుతుంది. నలుగురు మించకుండా, ఒకే దారిలో ఉన్న ఇళ్లు చూసుకోండి. ఎవరి వారం ఎవరిదో నెల ముందే రాసి, ప్రిన్సిపాల్‌కు ఆ కాగితంతో పాటు తీసుకెళ్లే పెద్దవాళ్ల ఫొటోలు ఇవ్వండి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ కాగితం చూసి పంపాలి. ఒకరి నుంచి ఒకరు డబ్బులు వసూలు చేయకండి, తెల్ల ప్లేటు కారులో డబ్బు చేతులు మారితే అది కిరాయి లెక్కలోకి వస్తుంది. ఎవరి వారం వాళ్లే పెట్రోల్ పోసుకుంటే గొడవే లేదు.

ఎవరికి ఏది

హసన్‌పర్తి, మడికొండ, మామునూరు లాంటి శివారు ఇళ్లకు, ఆయమ్మతో వచ్చే రెండో ట్రిప్పు. నగరం లోపల 3 కిలోమీటర్ల లోపు అయితే ఇంటి బండి లేదా ముగ్గురు పిల్లల ఆటో. తల్లిదండ్రులిద్దరూ ఏడింటిదాకా పనిలో ఉండే ఇళ్లకు పసుపు ప్లేటు వ్యాను, కాకపోతే పిల్ల దిగగానే పక్కింటి పిన్నో, నాయనమ్మో ఫోన్ చేసి చెప్పే ఏర్పాటుతో. 25 కిలోమీటర్లు దాటిన ఊళ్లకు పరీక్షల ముందు రెండు నెలలు టౌన్‌లో చుట్టాలింట్లో ఉంచడం కూడా ఆలోచించదగ్గదే.

ఏది ఎంచుకున్నా పిల్లల నోట్‌బుక్ అట్ట లోపల మూడు ఫోన్ నంబర్లు రాసి ఉంచండి: ఇల్లు, ట్రాన్స్‌పోర్టు ఇంచార్జి, దగ్గరలోని చుట్టం. అత్యవసరానికి 112, పిల్లల సాయానికి 1098 నోటికి వచ్చి ఉండాలి. అనుకున్న టైముకు 20 నిమిషాలు దాటినా రాకపోతే మొదట ఇంచార్జికి, తర్వాత ఆయమ్మకు ఫోన్ చేయండి. నడుపుతున్న డ్రైవర్‌కు చేయవద్దు.

కొన్ని వారాల్లో ఏ లెక్కా నిలవదు. అక్టోబరు నుంచి పత్తి, ఫిబ్రవరి నుంచి మిర్చి వచ్చే రోజుల్లో ఎనుమాముల మార్కెట్ రోడ్డు లారీలతో, ట్రాలీలతో నిండిపోతుంది. అటు వైపు రూటు ఉంటే దేశాయిపేట వైపు మళ్లించగలరా అని ముందే మాట్లాడండి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వచ్చినప్పుడు ఆర్టీసీ బస్సులు అటు మళ్లుతాయి, పల్లెవెలుగులు తగ్గిపోతాయి, ములుగు రోడ్డు జామవుతుంది. ఆ నాలుగు రోజులకు ముందూ వెనకా కలిపి వారం పాటు సాయంత్రం క్లాసులు ఆపమని బడిని కోరడంలో తప్పు లేదు.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే రెండో ట్రిప్పు అవసరం తీరిపోతుంది. అందుకే అదనపు బస్సు ఫీజు ఏడాది మొత్తానికి కట్టకుండా నెలనెలా కట్టండి. ఒకేసారి కట్టమంటే, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నడుపుతారో రసీదు మీదే రాయించుకోండి.